రాజు పేరు లేని కోట

కోట అనగానే మన మనస్సులో ముందుగా ఒక రాజు నిలుస్తాడు. గోలకొండ అంటే కుతుబ్ షాహీ సుల్తానులు, ఓరుగల్లు అంటే రుద్రమదేవి, బొబ్బిలి అంటే తాండ్ర పాపారాయుడు. మన సాయంకాలపు తరగతులలో పిల్లలకు ‘కోట’ అనే మాట నేర్పేటప్పుడు నేను నల్లబల్ల మీద ఒక గోడ, దాని మీద ఒక జెండా గీస్తాను. వెంటనే ఎవరో ఒక పిల్లవాడు “రాజుగారు ఏరీ, గురువుగారూ?” అని అడుగుతాడు. అడగడం సహజమే. కాని కట్టించిన వాడి పేరు ఎక్కడా వ్రాసిలేని కోటలు కూడా లోకంలో ఉన్నాయి. అవి మన గోలకొండ కంటే మూడు వేల ఏళ్ళకు పైగా పాతవి. అటువంటి ఒక కోటను గురించి మన పత్రిక పాఠకులకు చెప్పాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను. చదివి ఊరుకునే వింతగా కాక, కూలిపని చేసి బ్రతికిన వారి సంతతికి పనికివచ్చే చరిత్రగా దీనిని చూడాలని నా కోరిక.

ఆ కోట ఉన్న చోటు పేరు టెల్ అబ్రక్. అది యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ దేశంలో, షార్జా, ఉమ్మ్ అల్ ఖువైన్ అనే రెండు ఎమిరేట్ల సరిహద్దు మీద, రాస్ అల్ ఖైమా వైపు వెళ్ళే రహదారి సమీపంలో ఉంది. అరబ్బీ భాషలో టెల్ అంటే దిబ్బ. ఒక ఊరు కూలి, దాని మట్టి మీద మరొక ఊరు లేచి, అదీ కూలి, ఇలా తరతరాల మన్ను పేరుకొంటే ఏర్పడే దిబ్బ అది. తెలుగుదేశపు పల్లెలలో దీనినే పాటిదిబ్బ అంటారు, తెలంగాణంలో పాటిగడ్డ అని కూడా అంటారు. రైతులు ఆ పాటిమన్ను తవ్వి పొలాలకు తోలుకొనేవారు. రహదారి మీద కారులో పోయేవారికి టెల్ అబ్రక్ కూడా ఒక మామూలు దిబ్బగానే కనిపిస్తుంది. దుబాయిలో పనిచేస్తున్న మా మేనల్లుడు ఆ దారిన ఎన్నోసార్లు వెళ్ళినా దాని పేరు వినలేదు. దుబాయిలో 828 మీటర్ల ఎత్తున 2010లో తెరిచిన బుర్జ్ ఖలీఫా పేరు మాత్రం మన దీవిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఆ భవనం పేరులోని ‘బుర్జ్’ మన భాషకు పరాయి మాట కాదు. మన ‘బురుజు’ అదే. అరబ్బీ మాట పారసీ దారిన దక్కనుకు వచ్చి, తెలుగు నోటిలో పడి, చివర ఒక ఉకారం తగిలించుకొని మన మాట అయిపోయింది. కాబట్టి టెల్ అబ్రక్ కట్టడాన్ని తెలుగులో ఏమనాలి అని వెతుక్కోనక్కరలేదు. అది బురుజే. గోడకు మూలన నిలబడే బురుజు కాదు, ఒంటరిగా నిలబడే గుండ్రని పెద్ద బురుజు.

ఇటువంటి బురుజుల కథ బయటపడింది ఇటీవలే. 1959లో డెన్మార్కు పురావస్తు శాస్త్రజ్ఞులు అబుదాబి ప్రక్కన ఉమ్మ్ అన్ నార్ అనే చిన్న ద్వీపంలో గుండ్రని రాతి సమాధులను త్రవ్వడం మొదలుపెట్టారు. అప్పటికి ఈ దేశం ఏర్పడలేదు. ఏడు ఎమిరేట్ల సమాఖ్య 1971, 1972 సంవత్సరాలలో పూర్తయింది. ఆనాడు అల్ ఐన్ ప్రాంతాన్ని చూసుకుంటున్న షేక్ జాయెద్, తమ వైపు కూడా అటువంటి రాళ్ళకుప్పలు ఉన్నాయని చెప్పి వారిని పిలిపించారు. అల్ ఐన్‌లోని హీలీ అనే చోట సమాధులు, బురుజులు రెండూ దొరికాయి. క్రీస్తుకు పూర్వం సుమారు 2600 నుంచి 2000 వరకు ఉన్న ఆ నాగరికతకు మొదట త్రవ్విన ద్వీపం పేరే పెట్టారు. టెల్ అబ్రక్ దిబ్బను 1973లో ఇరాకు దేశపు బృందం పరీక్షించింది. డేనియల్ పాట్స్ అనే శాస్త్రజ్ఞుడు 1989 నుంచి 1998 వరకు అక్కడ త్రవ్వకాలు సాగించినప్పుడు బురుజు పూర్తి పరిమాణం తెలిసింది. 2007 తర్వాత కూడా వేరే బృందాలు పని కొనసాగించాయి.

ఇక కట్టడం సంగతి. ఇది కొంచెం ఓపికగా చదవాలి, ఎందుకంటే విషయమంతా ఇందులోనే ఉంది.

ఉమ్మ్ అన్ నార్ కాలపు బురుజులు ఎమిరేట్స్, ఒమాన్ దేశాలలో పదుల సంఖ్యలో ఉన్నవి. వాటిలో ఎక్కువ భాగం ఇరవై, ఇరవై అయిదు మీటర్ల అడ్డుకొలత కలవి. టెల్ అబ్రక్ బురుజు అడ్డుకొలత నలభై మీటర్లు. దాని గోడ నేటికీ ఎనిమిది మీటర్ల ఎత్తున నిలిచి ఉంది. పచ్చి ఇటుకలతో కట్టి, బయటి ముఖానికి రాయి తొడిగారు. పచ్చి ఇటుక అంటే కాల్చనిది. బంకమన్ను తడిపి, అచ్చు తీసి, ఎండలో ఆరబెట్టినది. వాన తక్కువ పడే దేశంలో అది వేల ఏళ్ళు నిలుస్తుంది.

ఈ జాతి బురుజులను కట్టే పద్ధతి ఇది. ముందు ఒక బావి. దాని చుట్టూ వెలుపలి గోడను వలయంగా లేపుతారు. లోపల అడ్డగోడలు, నిలువుగోడలు కట్టి గదులు గదులుగా విభజిస్తారు. ఆ గదులకు తలుపులు లేవు, ఒకదానినుంచి ఒకదానిలోకి దారి లేదు. అవి మనుషులు ఉండడానికి కావు. వాటిని మట్టితో, గులకరాళ్ళతో నింపివేస్తారు. అడ్డగోడలు లేకుండా ఒకే పెద్ద వలయంలో మట్టి నింపితే ఆ బరువుకు వెలుపలి గోడ కడుపుబ్బినట్లు ఉబ్బి పగిలిపోతుంది. గదులుగా విభజిస్తే బరువు పంచుకోబడుతుంది. ఇలా నింపిన తర్వాత పైన విశాలమైన అరుగు ఏర్పడుతుంది. మనుషులు ఆ అరుగుమీదికి ఎక్కి ఉంటారు. నేలమట్టంలో వాకిలి ఉండదు కాబట్టి నిచ్చెన గాని, మెట్లు గాని కావాలి. నిచ్చెన పైకి లాగితే ఇక లోపలికి దారి లేదు. తన్నడానికి తలుపు లేదు, కాల్చడానికి కొయ్య లేదు, పొడవడానికి మూల లేదు.

మూల లేకపోవడం చిన్న సంగతి కాదు. పచ్చి ఇటుకల గోడకు మొదట దెబ్బతినేది మూలే. గాలి కోసేది అక్కడ, శత్రువు గునపం వేసేది అక్కడ. హీలీలో ఎనిమిదవ నెంబరు గల చోట ఫ్రెంచి శాస్త్రజ్ఞులు సెర్జ్ క్లెజియో నాయకత్వంలో త్రవ్వినప్పుడు ఈ విద్య ఎలా పెరిగిందో కంటికి కనిపించింది. అక్కడ అడుగున ఉన్న తొలి కట్టడం గుండ్రనిది కాదు. ప్రక్కకు సుమారు పదహారు మీటర్లున్న చదరం, కాని మూలలను గుండ్రంగా తిప్పారు. దాని తర్వాతి తరాల వారు చదరాన్ని విడిచి పూర్తిగా గుండ్రని బురుజు కట్టారు. ఎవరో ఒక మేస్త్రీ మూలను కొద్దిగా తిప్పాడు, వాని మనుమలు పూర్తిగా తిప్పివేశారు.

లెక్కలు చెప్పుకొని బ్రతికే ఉపాధ్యాయుణ్ణి కాబట్టి ఒక చిన్న లెక్క వేయకుండా ఉండలేను. నలభై మీటర్ల అడ్డుకొలత గల వలయం చుట్టుకొలత సుమారు 125 మీటర్లు. దాని వైశాల్యం సుమారు 1,250 చదరపు మీటర్లు, అంటే పెద్దల లెక్కలో ముప్పై ఒక్క సెంట్ల నేల. ఎనిమిది మీటర్ల ఎత్తు వరకు లోపలంతా గట్టిగా నిండి ఉందని అనుకుంటే 10,000 ఘనపు మీటర్ల మన్ను, రాయి. ఘనపు మీటరు మన్ను సుమారు 1,600 కిలోల బరువు. తల మీద ఇరవై కిలోల బుట్ట మోసేవారికి అది ఎనిమిది లక్షల బుట్టలు. నూరుమంది మనిషికి రోజుకు నలభై బుట్టల వంతున మోస్తే రెండు వందల రోజులు. ఇది మోత మాత్రమే. మన్ను తవ్వడం, తడపడం, ఇటుక కోయడం, రాయి తేవడం వేరు. ఇవి నా ఊహ లెక్కలు, శాస్త్రజ్ఞుల లెక్కలు కావు. కాని బుట్ట మోసిన వారి మనుమలకు ఇటువంటి లెక్క తొందరగా అర్థమవుతుంది. అది అసాధ్యమైన పని కాదు. వేలమంది బానిసలు, కొరడాలు అవసరం లేదు. ఒక పెద్ద ఊరు, చుట్టుప్రక్కల నాలుగు చిన్న ఊళ్ళు కలిసి, పంటలు లేని కాలాలలో కొన్నేళ్ళపాటు పనిచేస్తే లేచే కట్టడం.

బావి సంగతి ఇంకా ఉంది. టెల్ అబ్రక్ బురుజు నడుమ రాళ్ళు పేర్చి కట్టిన బావి ఉంది. హీలీలోనూ అంతే. ఒమాన్‌లోని బాత్ అనే చోట ఉన్న బురుజులోనూ బావి ఉంది. నీళ్ళు దొరికే చోటు చూసి బురుజు కట్టారు గాని, బురుజు కట్టి నీళ్ళు వెతకలేదు. హీలీలో కాలం గడిచినకొద్దీ నీటిమట్టం క్రిందికి దిగిపోయింది. అక్కడివారు అదే బావిని ఇంకా లోతుకు తవ్వుకుంటూ పోయారు. బురుజు చుట్టూ కందకం కూడా తీశారు. కోటలో పైకి లేచిన ఎత్తుతోపాటు క్రిందికి దిగిన లోతు కూడా కోట భాగమే. మన గోలకొండలో మట్టి గొట్టాల ద్వారా నీటిని అంచెలంచెలుగా కొండ మీదికి ఎక్కించారు. ఆ విద్య అంతా, ముట్టడిలో ముందుగా చచ్చేది దాహంతో అని తెలిసిన వారి విద్య. టెల్ అబ్రక్‌ను కట్టిన వారికి ఆ సంగతి మూడున్నర వేల ఏళ్ళ ముందే తెలుసు.

మన దీవిలో దీనికి పోలిక కావాలంటే బ్లాక్ రివర్ ప్రాంతంలో లా ప్రెనెజ్ తీరానికి పోయి చూడండి. బ్రిటిషువారు 1830ల దశకంలో కట్టిన మార్టెల్లో బురుజు అక్కడ ఉంది. ఇప్పుడది ప్రదర్శనశాల. అదీ గుండ్రనిదే. దాని వాకిలి నేలమట్టంలో లేదు, ఒక అంతస్తు పైన ఉంది. క్రింద నిల్వలు, పైన సైనికులు, అన్నిటికంటే పైన ఫిరంగి. కట్టినవారి భయమే వేరు. బానిసత్వం రద్దయితే ఫ్రెంచి తోటల యజమానులు తిరగబడతారేమో, వారికి తోడుగా ఫ్రాన్సు నుంచి ఓడలు వస్తాయేమో అని వారి భయం. పోర్ట్ లూయీలో కొండ మీద ఉన్న ఫోర్ట్ అడిలేడ్‌ను 1834లో మొదలుపెట్టింది కూడా ఆ భయంతోనే. అదే 1834లో తొలి ఒప్పంద కూలీల ఓడ ‘అట్లాస్’ ఆ కొండ క్రింది రేవుకు వచ్చింది. మన తెలుగువారు కోరంగి, విశాఖపట్నం రేవుల నుంచి వచ్చి దిగినప్పుడు తలెత్తి చూసిన మొదటి పెద్ద కట్టడాలలో ఆ కోట ఒకటి అయివుంటుంది. కాని అది వారిని కాపాడడానికి కట్టినది కాదు.

టెల్ అబ్రక్ ఎవరిని కాపాడడానికి కట్టినది? ఈ ప్రశ్న మీద పండితులలో ఏకాభిప్రాయం లేదు. కొందరు అది కోట కాదంటారు. ఊరంతా బురుజు వెలుపలే ఉంది, ఊరి చుట్టూ గోడ లేదు, కాబట్టి శత్రువు వస్తే ఊరు ఏమి కావాలి అని వారి వాదం. అవి గొప్ప చూపుకోవడానికి కట్టినవనీ, పెద్దలు కూడే చోట్లనీ, నీటి మీద అధికారం చూపే గుర్తులనీ అంటారు. మరికొందరు అది రక్షణకేనంటారు. నా మట్టుకు నాకు తెలంగాణపు పల్లె బురుజులను తలుచుకుంటే ఈ చిక్కు విడిపోతుంది. దండులూ, దోపిడీ మూకలూ తిరిగిన రోజులలో ఆ ఊళ్ళ నడుమ మట్టితో, రాతితో గుండ్రని బురుజు ఒకటి లేపేవారు. ఇప్పటికీ చాలా ఊళ్ళలో అవి మొండిగా నిలబడి ఉన్నాయి. ఊరంతా బురుజులో కాపురం ఉండదు. పైన కావలివాడు ఉంటాడు, దుమ్ము లేచిందంటే కేక వేస్తాడు, జనం వచ్చి చేరతారు. మిగిలిన రోజులలో దాని నీడలో రచ్చ జరుగుతుంది. అందుచేత ఇది కోటా, గొప్పకు కట్టిందా అని విడదీసి అడగడం నాకు నచ్చదు. ఊరికి గర్వం ఇవ్వని కోటను ఎవరూ ఎనిమిది మీటర్ల ఎత్తు కట్టరు. ఉత్త గర్వం కోసమే అయితే నేల మీద వాకిలి మానుకొని నిచ్చెన ఎక్కనక్కరలేదు.

పైగా భయానికి కారణం ఉందని వేరే సాక్ష్యం చెబుతుంది. ఇక్కడి నుంచి కథ ఇరాకు దేశానికి పోతుంది, ఎందుకంటే వ్రాత అక్కడే ఉంది. ఆ కాలంలో ఈ ప్రాంతానికి, ఒమాన్‌కు కలిపి మగాన్ అని పేరు. హజర్ పర్వతాలలో రాగి దొరికేది. నల్లని గట్టి రాయి కూడా దొరికేది. మెసొపొటేమియా రాజులకు ఆ రెండూ కావాలి. అక్కాద్ వంశ స్థాపకుడు సార్గోను, తన రేవులో మెలుహ్హా, మగాన్, దిల్మున్ ఓడలు కట్టి ఉన్నాయని శాసనంలో చెప్పుకున్నాడు. అతని కొడుకు మనిష్తుసు ఓడలలో సముద్రం దాటి, ఆవలి ఒడ్డున ఏకమైన ముప్పై రెండు పట్టణాల ప్రభువులను ఓడించి, ఆ నల్లరాయిని తెచ్చి తన విగ్రహం చేయించుకున్నానని వ్రాయించాడు. తర్వాతి నరాం సిన్ కూడా మగాన్‌ను గెలిచి, దాని ప్రభువు మనియంను పట్టుకున్నానని చెప్పుకున్నాడు. ఇవన్నీ క్రీస్తుపూర్వం 23వ శతాబ్దం నాటి సంగతులు. టెల్ అబ్రక్ బురుజు కూడా ఆ సహస్రాబ్ది రెండవ సగంలోనిదే. ఈ దండయాత్రలకు జవాబుగానే దానిని కట్టారని రూఢిగా చెప్పలేం. ఊరూ ఊరూ కొట్లాడుకున్న రోజులూ ఉండవచ్చు. కాని సముద్రం మీద నుంచి దోపిడీ రాగలదని తీరవాసులకు తెలుసు.

చూడండి, మగాన్ ప్రజలు తమ గురించి ఒక్క అక్షరం వ్రాసుకోలేదు. వారిని గురించి ఉన్న మాటలన్నీ దోచుకోవడానికి వచ్చినవారు, లేదా రాగి కొనడానికి వచ్చినవారు వ్రాసుకున్నవే. మనకు ఈ పరిస్థితి కొత్త కాదు. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రపరచిన వలస పుస్తకాలను తీసి చూస్తే మన ముత్తాతలు కనిపిస్తారు. పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చ, ఓడ పేరు, నెంబరు. వ్రాసింది పరాయి గుమాస్తా. పేరు కూడా అతని చెవికి వినిపించినట్లే. ఆ పుస్తకాలు మనకు అమూల్యమైనవే, వాటిని తక్కువ చేయను. కాని మన ముత్తాతలు తమ చేతులతో పెట్టిన వ్రాత వేరే చోట ఉంది. చెరకుతోటల నడుమ నల్లరాళ్ళ గుట్టలు ఉన్నాయి చూడండి. నేల సాగులోకి రావాలని ఏరిన రాళ్ళను కూలీలు ఒకదానిపై ఒకటి పేర్చి మెట్లుమెట్లుగా లేపారు. సున్నం లేదు, సిమెంటు లేదు. తుపానులు వచ్చి పోయినా జారలేదు. రాయి మీద రాయి ఎలా కూర్చోబెట్టాలో తెలిసిన చేతులు అవి. యంత్రాల సాగు కోసం ఇటీవలి దశాబ్దాలలో వాటిని చాలాచోట్ల తొలగించారు. టెల్ అబ్రక్‌లో శాస్త్రజ్ఞులు అడుగడుగునా టేపు పట్టి కొలిచి, వరుస వరుసకు బొమ్మ గీసి, ఆ గోడను ఒక పుస్తకం చదివినట్లు చదివారు. మన గుట్టలను అలా చదివే పని చరిత్ర అనిపించుకోదా?

ఇప్పుడు మన పాఠకులు చాలామంది అడగబోయే ప్రశ్న. ఆ చోటికీ మన భారతదేశానికీ సంబంధం ఉన్నదా? ఉన్నది. మెలుహ్హా అంటే సింధు నదీ ప్రాంతమని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. టెల్ అబ్రక్‌లో సింధు నాగరికత వారి పద్ధతిలో చేసిన తూనికరాళ్ళు దొరికాయి. ఆ దేశపు కుండలు కూడా దొరికాయి. ఉమ్మ్ అన్ నార్ కాలపు సమాధులలో ఆ దేశపు ఎర్రని పూసలున్నాయి. మరొక వైపు నుంచి వచ్చిన వస్తువు కూడా ఒకటి ఉంది. టెల్ అబ్రక్ సమాధిలో దొరికిన దువ్వెన మీద పువ్వులు చెక్కి ఉన్నాయి. ఆ పువ్వులు ఎడారివి కావు, మధ్య ఆసియా కొండలలో పూసే తులిప్ పువ్వులు. బాక్ట్రియా దేశపు పనితనం అది. బురుజు ఊరిని మూసివేయలేదన్నమాట. తూనికరాయి పట్టుకొని వచ్చినవాడికి ఊరు తెరిచే ఉంది.

కాని మెలుహ్హా వారు తెలుగువారే అని మన సభలలో ఎవరైనా చెబితే నమ్మకండి. వారి లిపిని ఇప్పటికీ ఎవరూ అందరూ ఒప్పుకొనేటట్లు చదవలేదు. వారి భాష ఏదో తేలలేదు. దొరికినది దొరికినట్లు చెప్పుకుంటేనే మనకు గౌరవం. పైగా దొరికినది చాలదా? పారిస్ నగరంలోని లూవ్ర్ ప్రదర్శనశాలలో అక్కాద్ కాలపు చిన్న ముద్ర ఒకటి ఉంది. అది షు-ఇలిషు అనే మనిషిది. మెలుహ్హా భాషకు అతడు దుబాసీ అని దాని మీద వ్రాసి ఉంది. అంటే నాలుగు వేల ఏళ్ళ క్రితం పరదేశంలో ఆ భాష మాట్లాడేవారు ఉన్నారు, వారి మాట మరొకరికి చెప్పవలసి వచ్చింది. ఆ తర్వాత ఒకటి రెండు వందల ఏళ్ళకు మెసొపొటేమియాలో ‘మెలుహ్హా పల్లె’ అనే ఊరు ఉన్నట్లు మట్టిపలకల లెక్కలలో కనిపిస్తుంది. ఆ ఊరివారి పేర్లు చూస్తే చాలావరకు అక్కడి సుమేరియా పేర్లే. ఊరి పేరులో పాతదేశం నిలిచింది, మనుషుల పేర్లలో కొత్తదేశం చేరింది. ఇంట్లో క్రియోల్ మాట్లాడుతూ, పెద్దయిన తర్వాత సంఘం తరగతిలో కూర్చొని అ ఆలు దిద్దుకున్న నా వంటి వాడికి ఆ పల్లెవాసులు దూరపు చుట్టాల్లా అనిపిస్తారు. రక్తం చేత కాదు, పరిస్థితి చేత.

క్రీ.పూ. 2000 ప్రాంతంలో ఆ తీరంలో చాలా ఊళ్ళు చిక్కిపోయాయి. సింధు వర్తకం సన్నగిల్లింది. టెల్ అబ్రక్ మాత్రం పాడుపడలేదు. పాత బురుజునే పునాది చేసుకొని కొత్తవారు కట్టుకున్నారు. క్రీ.పూ. సుమారు 300 వరకు, అంటే రెండు వేల ఏళ్ళకు పైగా ఆ దిబ్బ మీద పొయ్యి ఆరలేదు. దిబ్బ పొరలలో దొరికిన ఎముకలను బట్టి ఒంటె కథ కూడా తెలిసింది. ముందు కాలంలో అడవి ఒంటెలను వేటాడి తిన్నారు. క్రీ.పూ. 1000 ప్రాంతం నుంచి పెంపుడు ఒంటెలు కనిపిస్తాయి. అదే కాలంలో అల్ ఐన్ వైపు భూమి క్రింద కాలువలు తవ్వి, దూరపు నీటిని ఊరికి తెచ్చే ఫలజ్ పద్ధతి వచ్చింది. బావి చుట్టూ కోట కట్టవలసిన అవసరం అప్పుడు కొంత తగ్గింది. సముద్రపు పాయ కూడా మెల్లగా దూరం జరిగింది. హీలీ కట్టడాలతో సహా అల్ ఐన్ ప్రాంతపు స్థలాలను యునెస్కో 2011లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ రహదారుల మీద నేడు కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి వచ్చిన మన భాషవారు పనిబస్సులలో పోతూ ఉంటారు. వారిదీ ఒప్పందపు బ్రతుకే. అది వేరే వ్యాసానికి విషయం.

చివరకు చెప్పాలని దాచి ఉంచిన సంగతి ఒకటి ఉంది. బురుజు ప్రక్కనే ఆరు మీటర్ల అడ్డుకొలత గల గుండ్రని సమాధి బయటపడింది. క్రీ.పూ. 2200 నుంచి 2000 మధ్య ఆ ఊరివారు తమ చనిపోయినవారిని అందరినీ ఆ ఒక్క సమాధిలోనే ఉంచారు. మూడు వందలమందికి పైగా ఎముకలు అందులో కలిసిపోయి ఉన్నాయి. పెద్దలు, పసిపిల్లలు, ఆడ, మగ. ఇది రాజుగారి సమాధి, ఇది కూలివాని సమాధి అని విడదీయడానికి వీలు లేదు. బురుజును కట్టిన చేతుల ఎముకలు కొన్ని అందులోనే ఉండి ఉంటాయి. ఆ కలగలుపు నడుమ ఎముకలు చెదరకుండా ఉన్న ఒక యువతి దొరికింది. వయస్సు పద్దెనిమిది ప్రాంతం. ఆమె కాళ్ళు చేతుల ఎముకలను పరీక్షించిన డెబ్రా మార్టిన్ మొదలైన శాస్త్రజ్ఞులు, ఆమెకు పక్షవాతం వంటి నరాల జబ్బు, బహుశా పోలియో, ఉండేదని చెప్పారు. ఆమె తనంతట తాను నడవలేదు. బుట్ట మోయలేదు, నీళ్ళు తోడలేదు.

మన ఎస్టేటు కాంపులలో ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసిన కాలం ఉంది. పని చేయలేని మనిషి బరువు ఎంతో మన ఇళ్ళలోని అవ్వలకు తెలుసు. టెల్ అబ్రక్‌లో ఆ అమ్మాయిని ఎవరో ఎత్తారు, కడిగారు, తినిపించారు, పద్దెనిమిదేళ్ళు వచ్చేవరకు. ఆమె పళ్ళు మాత్రం బాగా పుచ్చిపోయి ఉన్నాయి. అక్కడ పండే ఖర్జూరాలు తియ్యనివి, జిగురుగా పంటికి అంటుకొనేవి. ఆమెను సంతోషపెట్టాలని అవి ఎక్కువగా పెట్టి ఉంటారని పరిశోధకుల ఊహ. ఆ సమాధి బురుజు గోడకు పిలిస్తే పలికే దూరంలో ఉంది.